ఇసుక మీద నడిపిన పడవ

మా నాన్న నాకు చుక్కలు నేర్పాడని తెనాలిలో నా తోటి టీచర్లందరూ అనుకుంటారు. తప్పు నాదే. ఒకసారి స్టాఫ్ రూములో మాటవరసకి, సముద్రం మీద రాత్రిపూట దారి ఎలా కనుక్కుంటారో చెప్పి, మా నాన్న పడవ నడిపేవాడని కూడా చెప్పాను. అప్పటినుంచి భూగోళం పాఠంలో నక్షత్రాల మాట వచ్చినప్పుడల్లా పిల్లల్ని నా దగ్గరికి తోలేవారు. "మీ నాన్నగారు ఎంత గొప్ప ఆస్తి ఇచ్చారండీ మీకు" అనేది లెక్కల టీచరు. నేను నవ్వి ఊరుకునేదాన్ని. లోపల మాత్రం ఒళ్ళు మండేది. ఇవ్వాలనుకుని ఇస్తే దాన్ని ఆస్తి అనాలి. నాకు దొరికింది ఆయన చేతిలోంచి జారిపడింది. నేను ఏరుకున్నాను.

మాది రేపల్లెకి దక్షిణాన, నగరం అనే ఊరు దాటి ఇంకా కిందికి పోతే వచ్చే పల్లె. ఒక పక్క మడ అడవి, ఒక పక్క ఏరు, ఎదురుగా సముద్రం. అరవైల్లో అక్కడికి బస్సు లేదు, బడి లేదు. అమ్మానాన్నలకి నేనొక్కదాన్నే. మా అమ్మ రేపల్లెకి చేపల గంప మోసుకెళ్ళి అమ్మేది. అలా వెళ్ళినచోట మిషన్ హాస్టల్లో ఆడపిల్లలు చదువుకోవడం చూసి, ఇంట్లో వారం రోజులు అన్నం మానేసి మరీ నన్ను అక్కడ చేర్పించింది. నేను స్కూలు ఫైనలు పాసై ఇంటికొచ్చేసరికి పద్దెనిమిదేళ్ళు నిండాయి. బాపట్లలో టీచర్ ట్రైనింగుకి దరఖాస్తు పెట్టాను. ఆ ఏడు సీటు రాలేదు. మళ్ళీ ఏడాది దాకా ఇంట్లో కూర్చోవాల్సి వచ్చింది.

కూర్చోవడం నా వల్ల అయ్యే పని కాదు. హాస్టల్లో గంట కొడితే లేచి, గంట కొడితే తిని, గంట కొడితే పడుకున్నదాన్ని. పల్లెలో గంటలు లేవు. వలలు బాగుచేయడం మొదలుపెట్టాను, వేళ్ళు కోసుకున్నాను. ఎండబెట్టిన చేపల దగ్గర కాకుల్ని తోలాను. నా మొహం చూసి మా అమ్మ, "ఏంటే, ఎవరో పోయినట్టు తిరుగుతావు" అని కసిరేది.

మా నాన్న చుక్కాని పట్టేవాడు. ఈ మాటకి మా పల్లెలో ఉన్న బరువు బయటివాళ్ళకి అర్థం కాదు. పడవలో నలుగురు ఉంటారు. మా నాన్న, ఆయన తమ్ముడైన మా బాబాయి, ఇంకో ఇద్దరు. వల లాగడం అందరూ లాగుతారు. దారి మాత్రం ఒక్కడే చూస్తాడు. మధ్యాహ్నం బయల్దేరి, ఒడ్డు కనబడనంత దూరం పోయి, రాత్రంతా వల వేసి, తెల్లవారకముందే ఇంటిముఖం పడతారు. అప్పుడు కింద నీళ్ళు, పైన చుక్కలు తప్ప ఏమీ ఉండవు. ఆ చుక్కలు చదివినవాడి మాట మీద మిగతా ముగ్గురి ప్రాణాలు ఉంటాయి. అందుకే పెళ్ళిలో మొదటి ఆకు ఆయనకి వేస్తారు. ఆయన వస్తుంటే కూర్చున్నవాళ్ళు లేస్తారు. మా నాన్న ఆ లేవడాన్ని బాగా ఇష్టపడేవాడు. పైకి మాత్రం "కూర్చోండ్రా కూర్చోండి" అనేవాడు.

సంక్రాంతి వెళ్ళాక ఒక సాయంత్రం, దీపాలు పెట్టిన కాసేపటికి, లాంతరు పట్టుకుని వచ్చి నన్ను పిలిచాడు. ఆ రోజు పడవ ఒడ్డుకి లాగి ఉంది.

"ఏమే, పదకొండు తరగతులు చదివావు కదా. ఆకాశం చదవడం వచ్చా?"

నేను పుస్తకంలో ఉన్న సప్తర్షి మండలం గురించి చెప్పాను. నాన్న పడీ పడీ నవ్వాడు. లాంతరు ఇసుకలో పెట్టి, "ఎక్కు" అన్నాడు.

నేను ఎక్కలేదు. మా దగ్గర ఆడది పడవ ఎక్కదు. నీళ్ళలో ఉన్నదే కాదు, ఒడ్డు మీద ఆరబెట్టిన పడవ కూడా ఎక్కదు. పడవ తాడు దాటదు, చుట్టూ తిరిగి వెళ్తుంది. గంగమ్మకి కోపం వస్తుందని నమ్మకం. నేను హాస్టల్లో చదివినా, ఆ తాడు దాటాలంటే నా కాళ్ళకే భయం.

"చీకట్లో ఎవడు చూస్తాడే, ఎక్కు" అన్నాడు నాన్న. ఈ మాట ఆయనే అన్నాడు. ఇది గుర్తుపెట్టుకోండి.

ఎక్కాను. చుక్కాని తగిలించి, దాని పిడి నా చేతికిచ్చాడు. తను పడవ మధ్యలో అడ్డచెక్క మీద, నాకు వీపు పెట్టి కూర్చున్నాడు. ముక్కు సముద్రం వైపు, కింద ఇసుక. ఆ రోజునుంచి పది నెలలు, పడవ ఒడ్డున ఉన్న ప్రతి సాయంత్రం మేమిద్దరం ఆ ఇసుక మీద పడవ నడిపాం.

ఆయన అడిగే పద్ధతి ఇలా ఉండేది. "ఉత్తర చుక్క ఎక్కడుంది? చెయ్యి చాచి కొలువు." నేను చెయ్యి చాచి, పిడికిలి బిగించి, ఆకాశం కింది అంచు మీదనుంచి కొలిచేదాన్ని. "పిడికిలి, దాని మీద మూడు వేళ్ళు." "నా వేళ్ళా, నీ వేళ్ళా?" "నావి." "నీ చెయ్యి పొట్టి, నీ వేళ్ళు సన్నం. రెండూ సరిపోతాయి. మూడు వేళ్ళే పెట్టుకో. అందులో ఒకటి తగ్గిందంటే మద్రాసు వైపు కొట్టుకుపోయినట్టు. నాలుగయ్యాయంటే ఇంకెక్కడికో పోయినట్టు. మూడున్నంతకాలం మనూరే." తర్వాత గాలి మార్చేవాడు. "ఇప్పుడు గాలి ఎడమ చెంప మీదనుంచి కుడి చెంప మీదకి వచ్చింది. ఏం చేస్తావు?" నేను పిడి తిప్పేదాన్ని. చుక్కాని ఇసుకలో కిర్రుమనేది. "అంత తిప్పితే పడుకుంటుంది పడవ. మెల్లిగా" అనేవాడు, చూడకుండానే, ఆ చప్పుడు విని.

పిల్లలకోడి అనే చుక్కల గుంపు ఏ నెలలో ఏ వేళకి పొడుస్తుందో, గొల్లకావడి చుక్కలు నడినెత్తికి వస్తే తెల్లవారడానికి ఎంతసేపో, తేలు తోక నీళ్ళలోంచి బయటికొచ్చే చోటు నుంచి ఎంత పక్కకి పోతే మేం వల వేసే తావు వస్తుందో, అన్నీ అలాగే నేర్చుకున్నాను. అన్నిటికన్నా ముఖ్యమైనది ఒక పసుపుపచ్చ చుక్క. దాన్ని మా ఇంట్లో ఇంటి చుక్క అనేవారు. అది వాయవ్యంలో దిగేటప్పుడు పక్కకి జరగదు. ఎంతెత్తున ఉన్నా ఒకే గీత మీద తిన్నగా కిందికి దిగుతుంది. ఆ గీత కిందే మా ఏరు సముద్రంలో కలిసే మొగ. ముక్కు దానికి పెట్టి పట్టుకుంటే కళ్ళు మూసుకుని ఇంటికి రావచ్చు అనేవాడు నాన్న. అది మా తాత కనిపెట్టాడట. ట్రైనింగులో సైన్సు మాస్టారు దాన్ని బ్రహ్మహృదయం అంటారని చెప్పారు. పేరు బాగానే ఉంది గాని, నాకు ఆ పేరుతో పిలవడానికి నోరు రాదు.

ఒక వింత ఏంటంటే, "అదిగో అది" అని నాన్న ఒక్కసారి కూడా వేలు చూపించలేదు. ఫలానా వైపు తిరుగు, ఇంతెత్తు చూడు, అక్కడ ఏముంది, మెరుస్తోందా మసగ్గా ఉందా, పక్కన తోడుందా అని అడిగేవాడు. నేను చెప్పిందాన్నిబట్టి, "అదే" అనేవాడు, లేదా "కాదు, ఇంకా పక్కకి" అనేవాడు. చూపించమని అడిగితే, "వేలు చూపిస్తే నీకు వేలు గుర్తుంటుంది, చుక్క గుర్తుండదు" అన్నాడు. ఎంత గొప్ప మాటో అనుకున్నాను. హాస్టల్లో మా మాస్టర్లలో ఒక్కరికి కూడా ఇలా చెప్పడం రాదనుకున్నాను. ఆ మాట మీద గర్వపడి, నోట్సులో రాసుకున్నాను కూడా.

ఎండాకాలం మధ్యలో అడిగాను. "నాన్నా, ఇన్ని నేర్చుకుని ఇసుక మీదే నడపాలా?"

"ఏడాది తిరిగేసరికి చుక్కలన్నీ నీ నోటి చివర ఉండాలి. కార్తీకం వెళ్ళిన మర్నాడు నిన్ను తీసుకెళ్తాను" అన్నాడు.

"ఒట్టు?"

"గంగమ్మ మీద ఒట్టు."

ఆ తర్వాత నేను ట్రైనింగు సీటు సంగతి మర్చిపోయాను. నాకు ఒక్కటే కావాలి. ఒక్కరాత్రి నిజం నీళ్ళ మీద చుక్కాని పట్టి, ఆ పడవని నేను ఇంటికి తీసుకురావాలి. అంత గట్టిగా జీవితంలో మళ్ళీ ఏదీ కోరుకోలేదు, పెళ్ళితో సహా.

అట్లతద్ది వెళ్ళాక ఒకరోజు వాన కడిగి, ఆకాశం తోమిన కంచంలా ఉంది. చుక్కలు గుప్పిళ్ళతో పోసినట్టున్నాయి. నేను మహా హుషారుగా ఉన్నాను. నెల తిరిగితే పడవ ఎక్కుతాను. నాన్న అలవాటుగా నాకు వీపు పెట్టి కూర్చుని, "ఉత్తర చుక్క ఎంతెత్తుంది?" అన్నాడు. ఆయన్ని ఏడిపించాలనిపించింది.

"ఉత్తరమంతా మబ్బు కమ్మేసింది నాన్నా. చుక్క కనబడటం లేదు."

తిడతాడనుకున్నాను. వెనక్కి తిరిగి, నీ కళ్ళు కాకులు పొడిచాయా అంటాడనుకున్నాను. ఆయన తల ఉత్తరం వైపు తిప్పాడు. నిదానంగా చూశాడు.

"అవును, బాగా కమ్మేసింది. వాన వచ్చేట్టుంది" అన్నాడు.

నాకు నవ్వు వచ్చింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను. ఆయన కూడా నన్ను ఆటపట్టిస్తున్నాడని ఇంకో క్షణం అనుకున్నాను. తర్వాత ఆయన, "మబ్బు పడితే ఏం చేస్తావు? అల ఎటునుంచి వస్తోందో చూసుకుంటావు" అని పాఠం మొదలుపెట్టాడు. ఆ గొంతులో ఆట లేదు. నా నవ్వు పోయింది.

రేచీకటి. పగలు మామూలుగానే చూస్తాడు, దీపాల వేళ దాటితే ఏమీ కనబడదు. ఒక్కసారి ఆ మాట తట్టాక అన్నీ వరసగా గుర్తొచ్చాయి. మా ఇంటి నుంచి పడవల దాకా దారికి రెండు పక్కలా అమ్మ సున్నం కొట్టిన రాళ్ళు పెట్టింది, ముగ్గు సరదా అనుకున్నాను. రాత్రి కంచం ఎప్పుడూ ఒకే చోట పెట్టేది. నాన్న లాంతరు లేకుండా గడప దాటడు. ఇసుక మీద మా పాఠాల్లో నేను కొలవడం, నేను చూడటం, నేను చెప్పడం. ఆయన వినడం. ఎదుటివాడి నోటినుంచి వచ్చిన కొలతల్ని పట్టుకుని చీకట్లో పడవ నడపడం ఆయన సాధన చేస్తున్నాడు. నాకు నేర్పడం లేదు. నేను ఆయనకి పలక.

ఆ రాత్రి పడుకుని ఏడ్చాను. ఆయన కళ్ళు పోతున్నాయని ఏడవలేదు. ఇది చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది, అయినా చెబుతున్నాను. నేను తెలివైనదాన్నని, కొడుకు లేకపోయినా నన్ను చూసి ఆయనకి ఆ లోటు తీరిందని తొమ్మిది నెలలుగా అనుకుంటున్నాను. అది లేదని ఏడ్చాను.

మర్నాడు ఎవరికీ చెప్పలేదు. అడగలేదు. ఎందుకంటే ఏడుపు తగ్గాక ఇంకో ఆశ పుట్టింది. ఆయనకి కళ్ళు కావాలి, నాకు ఉన్నాయి. ఇప్పుడు ఇచ్చిన మాట కోసం కాకపోయినా, తన అవసరం కోసమైనా తప్పకుండా తీసుకెళ్తాడు. అంతకుముందు కన్నా శ్రద్ధగా కొలిచి చెప్పాను ఆ నెలంతా.

కార్తీకం వెళ్ళింది. ముందురోజు సాయంత్రం నాన్న, "పల్లెలో అందరి ఎదురుగా ఎక్కితే గొడవ. మధ్యాహ్నం మొగకి ఇవతల మడ చెట్ల దగ్గర నిలబడు. అక్కడ ఆపి ఎక్కించుకుంటాను. మనవాళ్ళకి నేను చెప్పుకుంటాను" అన్నాడు. అన్నం మూట కట్టుకుని, నాన్న పాత చొక్కా ఒకటి చీరమీద తొడుక్కుని, పొద్దున్నే వెళ్ళి మోకాలిలోతు బురదలో నిలబడ్డాను. పీతలు కాళ్ళ మీద పాకుతున్నాయి. దోమలు తినేస్తున్నాయి. నాకు అవేమీ పట్టలేదు.

మధ్యాహ్నం పడవ వచ్చింది. నడి ఏట్లోంచి వచ్చింది. నేను చెయ్యి ఊపాను. ఎండ చురచురలాడుతోంది, మిట్టమధ్యాహ్నం, నాన్నకి నాకన్నా బాగా కనబడే వేళ. ఆయన నన్ను చూశాడు. చూశాడని నాకు తెలుసు, ఎందుకంటే చూశాకే మొహం తిప్పుకున్నాడు. బాబాయి నన్ను చూసి ఏదో అన్నాడు, నాన్న చుక్కాని తిప్పాడు. తెరచాప గాలికి నిండింది. పడవ మొగ దాటి వెళ్ళిపోయింది.

"నాన్నా" అని అరిచాను. రెండుసార్లు అరిచాను.

మర్నాడు పొద్దున్న పడవ రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. పల్లెలో ఆడవాళ్ళు జుట్టు విరబోసుకుని ఒడ్డున కూర్చున్నారు. అమ్మ ఏడవలేదు, రాళ్ళకి మళ్ళీ సున్నం వేసింది. నేను ఇసుకలో అటూ ఇటూ తిరుగుతూ, మూడు రాత్రులు ఇంటి చుక్క దిగడం చూశాను. మబ్బు పోగు కూడా లేదు. మొగ మీదికి గీత గీసినట్టు దిగింది. దాన్ని చూడగలిగిన కళ్ళు పడవలో లేకుండా ఇక్కడ ఉన్నాయే అని నా మీద నాకే కోపం వచ్చింది.

నాలుగో రోజు కబురు వచ్చింది. పడవ వాడరేవు దగ్గర ఒడ్డెక్కిందట, బాపట్ల దాటి అంత దూరం. ఆ నెలల్లో గాలీ నీటి పోటూ అటే లాగుతాయి. ప్రాణాలు దక్కాయి. రాళ్ళకి చిక్కుకుని వల చిరిగిపోయింది, సగం కోసి వదిలేశారు. ఆరో రోజుకి పడవని తెచ్చుకున్నారు. దిగీ దిగగానే పెద్దలు కూర్చున్నారు. దారి తెలిసినవాడు, చుక్కలున్న రాత్రి, దారి ఎలా తప్పాడు? అది జవాబు చెప్పాల్సిన ప్రశ్నే. జవాబు లేకపోతే చుక్కాని వేరేవాడికి పోతుంది.

నేను ఆడవాళ్ళ వరసలో నిలబడ్డాను. అమ్మ నా వెనక ఉంది. నాన్న గంగమ్మ రాయి ముందు తలపాగా తీసి నిలబడ్డాడు. ఆరు రోజుల్లో పదేళ్ళు పైబడినట్టున్నాడు. నా గుండె కరిగింది. ఆ క్షణంలో ఆయన నిజం చెబితే, నేను అన్నీ మర్చిపోయి వెళ్ళి పక్కన నిలబడేదాన్ని.

"మా అమ్మాయి పడవ ఎక్కింది" అన్నాడు నాన్న.

అందరూ నా వైపు తిరిగారు.

"ఒడ్డున ఉండగా ఎక్కింది. చుక్కాని ముట్టుకుంది. నేను తర్వాత తెలుసుకున్నాను. శుద్ధి చేయకుండా పడవ దింపాను, అది నా తప్పు. అమ్మవారు దారి తిప్పేసింది."

అబద్ధంలో నిజం కలిపి చెప్పాడు. ఎక్కాను, నిజమే. ముట్టుకున్నాను, నిజమే. ఎవరు ఎక్కమన్నారో మాత్రం చెప్పలేదు. నా నోటిలో ఒక్క మాట ఉంది. "ఉత్తర చుక్క ఎక్కడుందో చూపించమనండి" అంటే చాలు. సాయంత్రం దాకా ఆగితే అందరి ముందూ తేలిపోతుంది. నోరు తెరిచాను. వెనకనుంచి అమ్మ నా మణికట్టు పట్టుకుంది. గాజు విరిగి చర్మంలో దిగేంత గట్టిగా పట్టుకుంది. నోరు మూసుకున్నాను.

పెద్దలు తీర్పు చెప్పారు. ఏడు బిందెల పసుపునీళ్ళతో పడవని నేనే కడగాలి, బయటినుంచి, లోపల కాలు పెట్టకుండా. నేను ముట్టుకున్న చుక్కాని పిడి తీసేసి కొత్తది వేయాలి. పల్లెంతా చూస్తుండగా కడిగాను. మా వీధి పిల్లలు నా వెనక నిలబడి బిందెలు లెక్కపెట్టారు. బాబాయీ, మిగతా ఇద్దరూ కొంచెం దూరంలో కూర్చుని నేల చూస్తున్నారు. పాపం, ఏమీ తెలియనివాళ్ళు అనుకున్నాను. వల పోగొట్టుకున్నది వాళ్ళే, రేపు మళ్ళీ ఈ చూపులేని మనిషి వెనక ప్రాణాలు పెట్టుకుని వెళ్ళేదీ వాళ్ళే. వాళ్ళకి నిజం చెప్పకుండా నేను కూడా మోసం చేస్తున్నానని ఏడో బిందె పోస్తూ బాధపడ్డాను.

తర్వాతి ఏడు బాపట్లలో సీటు వచ్చింది. వెళ్ళిపోయాను. అక్కడ హాస్టల్ డాబా మీద అమ్మాయిలు వెన్నెల్లో కూర్చుని కబుర్లు చెప్పుకునేవారు. నేను పైకి వెళ్ళేదాన్ని కాదు. ట్రైనింగయ్యాక తెనాలిలో ఉద్యోగం వచ్చింది. అక్కడే పెళ్ళి, అక్కడే ఇల్లు. పల్లెకి పండక్కో పబ్బానికో వెళ్ళి, చీకటిపడకముందే తిరిగొచ్చేసేదాన్ని. నాన్నతో మాట్లాడటం మానేయలేదు. బాగున్నావా అంటే బాగున్నాను. తిన్నావా అంటే తిన్నాను. పదేళ్ళ పైన అంతే నడిచింది. అమ్మ పోయినప్పుడు కూడా మా ఇద్దరి మధ్య అంతకు మించి మాట రాలేదు. ఆ మణికట్టు సంగతి అమ్మని అడగాలనుకుంటూనే ఉండిపోయాను.

డెబ్బైల్లో మోటారు పడవలు వచ్చాయి. దిక్సూచి పెట్టుకుని నడిపే కుర్రాళ్ళు వచ్చారు. నాన్న చుక్కాని వదిలేశాడు. ఆయన్ని ఎవరూ దింపలేదు, తనంతట తనే గౌరవంగా దిగాడు. కొన్నాళ్ళకి పగలు కూడా గుమ్మాలకి తగులుకుంటున్నాడని బాబాయి తెనాలి తీసుకొచ్చాడు. ముగ్గురం కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాం.

డాక్టరు చుక్కల మందు వేసి, లైటు వేసి చూసి, "రాత్రిపూట ఎన్నాళ్ళనుంచి కనబడటం లేదు పెద్దాయనా?" అన్నాడు.

"ఈ రెండేళ్ళనుంచేనండి" అన్నాడు నాన్న.

"రెండేళ్ళేంటి అన్నయ్యా" అన్నాడు బాబాయి, విసుగ్గా. "పధ్నాలుగేళ్ళు రాసుకోండి డాక్టరుగారూ. ఆయన అలాగే అంటాడు."

నేను బాబాయి వైపు చూశాను. ఆయన ఏమీ జరగనట్టు పై పంచె సర్దుకుంటున్నాడు.

డాక్టరు రాసుకున్నాడు. "చేపలు తినేవాళ్ళకి మామూలు రేచీకటి రాదండి. ఇది వంశంలో వచ్చేది. మందు లేదు" అన్నాడు. నా వైపు తిరిగి, "మీరూ ఏడాదికోసారి చూపించుకోండమ్మా" అన్నాడు. సరేనండి అన్నాను. నా చెవికి ఏదీ సరిగ్గా ఎక్కడం లేదు.

బయట వరండాలో బల్ల ఉంది. నాన్నని కూర్చోబెట్టాం. మందు మంటకి కళ్ళు మూసుకున్నాడు. బాబాయి ఎదురుగా కొట్టునుంచి మూడు టీలు తెచ్చాడు.

"బాబాయ్, నీకు ఎప్పుడు తెలిసింది?"

"ఏంటి, ఈ కళ్ళ సంగతా? మొదట్నించీ తెలుసు కదమ్మా. పడవలో పక్కనుండే మాకు తెలియకుండా ఎట్టా ఉంటది? ముగ్గురికీ తెలుసు." ఆయన గొంతులో దాపరికం ఏమీ లేదు. "ఆయనకి చెప్పినట్టు ఉండకూడదు, ఆయనకి తెలియాలి. అందుకని మాలో మేం అనుకున్నట్టు అనేవాళ్ళం. 'ఇంటి చుక్క ఇవాళ ఎంత ఎర్రగా ఉందిరా, సరిగ్గా ముక్కు మీదే నిలబడింది' అని ఒకడు. 'లేదురా, జానెడు ఎడమకి ఉంది' అని ఇంకొకడు. మీ నాన్న విని తిప్పుకునేవాడు. వంతులేసుకుని మేలుకునేవాళ్ళం."

"మరి వాడరేవు పోయిన రోజు?"

"ఆ రోజా?" బాబాయి టీ ఊదుకున్నాడు. "వల బరువుకి చేతులు పడిపోయినయ్. ముగ్గురం ఒకేసారి నిద్రపోయాం. లేపమని ఆయన అడగడు. మా తప్పే అది."

"మీ తప్పని తెలిసి, నా చేత పడవ కడిగించారు."

నేను అరవలేదు. అయినా పక్కన కూర్చున్న రోగులు తలలు తిప్పి చూశారు. గ్లాసు కింద పెట్టాను. ఏడో బిందె దగ్గర నేను జాలిపడిన మనుషులు వీళ్ళు. తలలు దించుకుంది తెలియక కాదు, తెలిసి. పల్లెలో ఆ రోజు నిజం తెలియనివాళ్ళు పెద్దలూ, బిందెలు లెక్కపెట్టిన పిల్లలూ మాత్రమే. నా వాళ్ళనుకున్న ప్రతి ఒక్కరికీ తెలుసు.

బాబాయి కొంచెం ఇబ్బందిపడ్డాడు. "ఏదో ఒకటి చెప్పాలి కదమ్మా. నువ్వెట్టాగూ చదువుకుని వెళ్ళిపోయేదానివి, రెండు రోజులకి మర్చిపోతావనుకున్నాం. ఆయన్ని దింపితే మాకెవరున్నారు? ఆకాశం తెలిసిన మనిషి మా పడవకి ఇంకొకళ్ళు లేరు కదా."

"నేనున్నానుగా."

"నువ్వా?" అన్నాడు బాబాయి.

ఆయన మొహంలో కల్మషం లేదు. నిజంగానే ఆశ్చర్యపోయాడు. అప్పుడే మొదటిసారి ఆ ఆలోచన విన్నట్టు నన్ను కింది నుంచి పై దాకా చూసి, నవ్వేశాడు. "భలేదానివమ్మా నువ్వు. ఆ మాట మాకెవరికీ తట్టలేదు సుమా."

నాన్న నవ్వలేదు. కళ్ళు మూసుకునే ఉన్నాడు. మూసిన కళ్ళలోంచి మందు చెంపల మీదికి కారుతోంది. నేను ఆయన వైపు తిరిగాను.

"నాన్నా, నీకూ తట్టలేదా?"

టీ చల్లారిపోయింది. బాబాయి గ్లాసులు ఇచ్చేసి రావడానికి లేచి వెళ్ళాడు.

"తట్టింది" అన్నాడు నాన్న. "మొగ దగ్గర నువ్వు నా చొక్కా వేసుకుని నిలబడ్డావు చూడు, అప్పుడు తట్టింది. ఒక్కరాత్రి ఎక్కించుకుంటే పడవలో అందరికీ తెలిసిపోతుంది, చుక్కాని ఎవరి చేతిలో ఉండాలో. ఎక్కితే మళ్ళీ దిగేదానివా నువ్వు?"

"దిగేదాన్ని కాదు" అన్నాను.

"అందుకే" అన్నాడు నాన్న.